తోటి నటులకు దారి చూపిన ఆటపాక బిల్వమంగళుడు

ఏలూరు: కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక అనగానే నేడు అందరికీ గూడబాతులే గుర్తుకు వస్తాయి. ఆ ఊరు తెలుగు నాటకరంగానికి ఒక మహానటుణ్ణి, అంతకు మించి నటులకు ఒక పెద్దదిక్కును ఇచ్చిన సంగతి ఈ తరంలో కొద్దిమందికే తెలుసు. ఆయనే బందా కనకలింగేశ్వరరావు.

1907లో ఆటపాకలో జన్మించిన బందా న్యాయశాస్త్రం చదివి ఏలూరులో వకీలుగా స్థిరపడ్డారు. 'చింతామణి' నాటకంలో ఆయన ధరించిన బిల్వమంగళ పాత్ర ఆంధ్రదేశమంతటా పేరు తెచ్చింది. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం' చిత్రంలో కృష్ణుడుగా, 1942లో 'బాలనాగమ్మ'లో కార్యవర్ధిరాజుగా వెండితెర మీద కూడా కనిపించారు.

కాంట్రాక్టు నాటకాల కాలం

అవి కాంట్రాక్టు నాటకాలు జోరుగా సాగుతున్న రోజులు. పేరున్న నటులను తలా ఒక ఊరినుంచి పిలిపించి, రిహార్సళ్లు లేకుండానే ఒకే వేదిక ఎక్కించేవారు. ఒకే నాటకంలో ఇద్దరు, ముగ్గురు కృష్ణులు పోటీలు పడి పద్యాలు పాడేవారు. లాభం కాంట్రాక్టరుది, గొంతు పోతే నష్టం నటుడిది.

ఇటువంటి కాలంలో 1938లో బందా ఏలూరులో ప్రభాత్ థియేటర్స్ నెలకొల్పారు. పద్యాన్ని రాగంతో సాగదీయడం కన్నా భావం తెలిసేలా పలకడమే నటుడికి ముఖ్యమన్నది ఆయన పద్ధతి.

వేషం నుంచి వెన్నుదన్నుగా

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత ఆయన రాష్ట్ర సంగీత నాటక అకాడమీ కార్యదర్శి అయ్యారు. కూచిపూడి భాగవతుల కళ అప్పట్లో నిలదొక్కుకోవలసిన స్థితిలో ఉంది. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్యగోష్ఠిలో కూచిపూడికి స్వతంత్ర శాస్త్రీయ స్థానం ఉందా అన్న చర్చ వచ్చింది. మరుసటి ఏడు హైదరాబాదులో రాష్ట్ర అకాడమీ నృత్యగోష్ఠి జరిపి కూచిపూడి పక్షాన నిలిచింది. కూచిపూడిలోని సిద్ధేంద్ర కళాక్షేత్రం నిర్వహణలోనూ బందా పాలుపంచుకున్నారు. 1968లో కన్నుమూసే నాటికి ఆయన శ్రమలో పెద్దభాగం తన వేషానికి కాక, ఇతరుల కళకే వెచ్చించారు.

నటుడు వేషం మానితే పని అయిపోయిందనుకోవడం పొరపాటని ఈ జీవితం చెబుతున్నది. రాత్రంతా పద్యాలు పాడి, తెల్లవారి బస్సులో ఇల్లు చేరే నటుడి బాధ అదే బస్సు ఎక్కినవాడికే బాగా తెలుస్తుంది.

నేటి అవసరం

అటువంటి పెద్దదిక్కు అవసరం నేడు తగ్గలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు శ్రీరామనవమి పందిళ్లు, వేసవి జాతరలు ఆగిపోయాయి. హరికథ, బుర్రకథ, పద్యనాటక కళాకారులకు ఏడాదిలో నాలుగు డబ్బులు వచ్చే కాలం అదే. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 'చింతామణి' ప్రదర్శనను నిషేధించినపుడు దానిపై బతికేవారు మళ్లీ దిక్కులు చూడవలసి వచ్చింది.

కష్టం పేదకళాకారులకే పరిమితం కాదు. ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టి సిల్క్ స్మితగా దక్షిణాదిని ఊపిన నటి 1996 సెప్టెంబరులో మద్రాసులో ప్రాణం తీసుకున్నారు. ఆమె మనసులో ఏముందో తేల్చిచెప్పడం ఎవరితరమూ కాదు. పేరు, డబ్బు ఉన్నంత మాత్రాన మనసుకు రక్షణ ఉండదని మాత్రం చెప్పవచ్చు.

విదేశాలలో దీనికి ఏర్పాట్లు ఉన్నాయి. న్యూయార్కులో నటుల సహాయనిధి 1882లోనే వెలిసింది. ఆట మానవలసి వచ్చిన నర్తకులకు కొత్త వృత్తి విషయమై సలహాలివ్వడానికి అదే నగరంలో 1985లో ఒక సంస్థ పుట్టి, 2015లో ఆ సహాయనిధిలో కలిసింది.

ఇక్కడ రిటైరైన నటులు ఈ పనికి పూనుకోవచ్చు. అయితే అనుభవం ఒక్కటే చాలదు. చెప్పింది వినాలి. విన్నది బయట పెట్టకూడదు. వేషాలిప్పిస్తామని ఆశ చూపకూడదు. గొంతు దెబ్బతింటే చెవి, ముక్కు, గొంతు డాక్టరు వద్దకు, మనసు కుంగితే మానసిక వైద్యుని వద్దకు పంపడం తెలియాలి. ఇందుకు కొంత శిక్షణ తప్పనిసరి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఆ నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ సంగతి మేకప్ గదిలో గోడమీద రాసి ఉంచినా మేలే.

ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో నాటక పోటీలు జరిగినప్పుడు ఒక మధ్యాహ్నం ఇందుకు కేటాయిస్తే నిర్వాహకులకు పెద్ద ఖర్చు ఉండదు. ఒక గది, రెండు కుర్చీలు, ఓపికగా వినే ఒక పాత నటుడు ఉంటే చాలు. బహుమతి రానివారే ఆ గది తలుపు ముందుగా తడతారు.