అమ్మానాన్నలతో ఓడెక్కుదాం!

అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్నకు వేళ తప్పకుండా మందులు పడాలి. పిల్లలకేమో ఈతకొలను ఉంటేనే సెలవు. అందరూ కలిసి ఏ ఊరు వెళ్లినా గుట్ట ఎక్కలేకో, ఎండకు తాళలేకో ఒకరిద్దరు హోటల్ గదిలోనే ఉండిపోతారు. మిగతావాళ్లు ఫొటోలు తెచ్చి చూపిస్తారు. ఇలాంటి ఇళ్లకు చక్కగా సరిపోయేది క్రూజ్ యాత్ర. పెట్టె ఒక్కసారి విప్పితే చాలు, తెల్లారేసరికి కొత్త ఊరు మన కిటికీ ముందుకు వస్తుంది. కాకపోతే ఒక్క మాట. రైల్లో మరచిపోయిన వస్తువును తర్వాతి స్టేషన్లో కొనుక్కోవచ్చు, నడిసముద్రంలో కొట్లు వెతుక్కోలేం. అందుకే ఓడ ప్రయాణంలో సగం పని నేల మీదే పూర్తికావాలి. ఆ పనంతా ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకునే జరగాలి.

రంగం ఓడల నుంచి...

తెలుగువాళ్లకు ఓడ కొత్త కాదు. ఒకప్పుడు విశాఖ, కాకినాడ, భీమిలి రేవుల నుంచి మనవాళ్లు వేలాదిగా స్టీమర్లెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. అది బతుకుతెరువు వెతుక్కుంటూ డెక్కు మీద మూటాముల్లెతో చేసిన ప్రయాణం. సరదాకు ఓడెక్కడం మాత్రం మనకు ఈమధ్యే అందుబాటులోకి వచ్చింది. కార్డీలియా సంస్థ 2021 సెప్టెంబరులో ‘ఎంప్రెస్’ నౌకతో ముంబయి నుంచి యాత్రలు మొదలుపెట్టింది. 2022 జూన్‌లో అదే నౌక చెన్నై నుంచి విశాఖకూ వచ్చింది. 2023లో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. క్రూజ్ యాత్రలను పెంచడానికి కేంద్రం 2024 సెప్టెంబరులో ‘క్రూజ్ భారత్ మిషన్’ ప్రకటించింది. ఇక సింగపూర్ నుంచి మలేసియా, థాయ్‌లాండ్ వైపు వెళ్లే నౌకలున్నాయి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు మయామీ, గాల్వెస్టన్ రేవుల నుంచి కరీబియన్ యాత్రలు, వేసవిలో అలాస్కా యాత్రలు ఉన్నాయి.

ముందు సముద్రాన్ని అడగండి

పిల్లల సెలవులు చూసుకుని తేదీలు ఖాయం చేయడం మనకు అలవాటు. ఓడ విషయంలో మొదట చూడాల్సింది సముద్రం సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం పోటెత్తి ఉంటుంది. ముంబయి నుంచి గోవా, లక్షద్వీప్ వెళ్లాలంటే నవంబరు-మార్చి మధ్య హాయి. బంగాళాఖాతంలో వానాకాలానికి ముందూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ తుపాన్ల భయం ఎక్కువ. కరీబియన్‌లో జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం. ఆ నెలల్లో టికెట్లు చవకగా దొరకొచ్చు. తుపాను వస్తే నౌక దారి మార్చుకుంటుంది కాబట్టి మనం కోరుకున్న రేవు చూసే భాగ్యం లేకపోవచ్చు. అది తెలిసే కొనుక్కోవాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు రెండు మూడు రాత్రుల యాత్ర మంచిది. అమ్మకు ఓడ కదలిక పడుతుందో లేదో, నాన్నకు ఆ హడావుడి నచ్చుతుందో లేదో దాంతో తేలిపోతుంది.

గదిని బట్టే నిద్ర

గదుల్లో ప్రధానంగా నాలుగు రకాలుంటాయి. కిటికీ లేని లోపలి గది, సముద్రం కనిపించే కిటికీ గది, బాల్కనీ గది, సూట్. ధరకన్నా ముందు ఆ గది ఓడలో ఎక్కడుందో చూడాలి. ఊయల బల్ల చివర కూర్చున్నవాళ్లకు ఊపు ఎక్కువ, నడిమధ్య తక్కువ. ఓడ కూడా అంతే. ముందు భాగం, వెనక భాగం, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్లకు కింది అంతస్తుల్లో మధ్యనున్న గదే తీసుకోవాలి. గదికి పైనా కిందా కూడా గదులే ఉండేలా డెక్కు ప్లాన్ చూసుకుంటే ఈతకొలను కుర్చీల చప్పుడు, డ్యాన్స్ హాలు మోత నిద్ర చెడగొట్టవు. పెద్దవాళ్ల గది లిఫ్టుకు దగ్గర్లో ఉండాలి. చక్రాల కుర్చీ పట్టే గదులు ప్రతి నౌకలోనూ కొన్నే ఉంటాయి కాబట్టి నెలల ముందే అడగాలి.

గది ఖాయం చేసేముందు ఎవరిని ఎక్కించుకుంటారో కూడా చూడాలి. గర్భిణుల విషయంలో నియమం గట్టిది. యాత్ర ముగిసేలోగా 24వ వారంలో అడుగుపెట్టేవారిని చాలా సంస్థలు ఎక్కించుకోవు. పసిపిల్లలకు కనీసం ఆరు నెలలు, దూర యాత్రలకైతే ఏడాది నిండాలి.

టికెట్ ధర ఒక్కటే ఖర్చు కాదు

ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధరలో గది, ప్రధాన భోజనశాలల్లో తిండి, చాలావరకు వినోదం కలిసి ఉంటాయి. రేవు రుసుములు, పన్నులు, ఇంటర్నెట్, శీతల పానీయాలు, ప్రత్యేక రెస్టారెంట్లు, రేవుల్లో విహారాలు చాలాచోట్ల విడిగా లెక్కకొస్తాయి. అమెరికా నౌకల్లో సిబ్బందికిచ్చే గ్రాట్యుటీ రోజుకు మనిషికి 15 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. నలుగురున్న కుటుంబానికి వారం యాత్రలో అదొక్కటే 500 డాలర్లు దాటొచ్చు. ఏరు దాటాక బోడి మల్లయ్య అనకుండా, మన పక్కలు సర్ది, పళ్లేలు అందించిన చేతులకు ఆ డబ్బు మొదటి బడ్జెట్లోనే పక్కన పెట్టాలి.

బీమాను మాత్రం అదనపు ఖర్చు అనుకోవద్దు. నౌకలో డాక్టరు, చిన్న ఆసుపత్రి ఉంటాయి. గుండెనొప్పిలాంటిది వస్తే ఒడ్డుకు చేర్చాలి. దానికయ్యే ఖర్చు యాత్ర ఖర్చును మించిపోతుంది. పాలసీలో అత్యవసర తరలింపు, పాత జబ్బులకు వర్తింపు ఉన్నాయో లేదో చదివి తీసుకోండి.

కాగితాల దగ్గర ఆగిపోవద్దు

దేశంలోపలి యాత్రకు ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు. లక్షద్వీప్‌లో దిగాలంటే ప్రవేశ అనుమతి కావాలి కాబట్టి ఆ ఫారాలు ముందే నింపాలి. విదేశీ యాత్రకు పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండేలా చూసుకోవాలి. సింగపూర్‌లో ఓడెక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగుతామంటే ఆ దేశంలోకి రెండుసార్లు ప్రవేశించినట్టు లెక్క. ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసా సరిపోదు. అమెరికాలోనూ ఇదే లెక్క. బహామాస్ వెళ్లొచ్చినా, మెక్సికో వెళ్లొచ్చినా మళ్లీ సరిహద్దు దాటినట్టే. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయి, పొడిగింపు పత్రంతోనే ఉంటున్న హెచ్1బీ ఉద్యోగులు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా టికెట్ కొనొద్దు.

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లి ఓడెక్కేవాళ్లు ముందురోజే చేరుకోండి. విమానం ఆలస్యమైందని నౌక ఆగదు.

చేతిసంచిలో ఏముండాలి?

రేవులో పెద్ద పెట్టెలు మన దగ్గర తీసుకుంటారు. అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అందుకే మందులు, చీటీలు, కళ్లద్దాలు, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. మందులు యాత్ర రోజులకన్నా మూడు నాలుగు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. తడి డెక్కు మీద జారని చెప్పులు, రాత్రి సముద్రపు గాలికి శాలువా, భోజనశాలలో చల్లదనానికి పెద్దవాళ్లకు స్వెటర్ మరవకూడదు.

ఇస్త్రీపెట్టె, కెటిల్, కొవ్వొత్తులు, అగరొత్తులు తేవద్దు. ఓడకు అగ్నిప్రమాదాన్ని మించిన భయం లేదు. ఇంట్లో వండిన వాటిని చాలా నౌకలు లోపలికి రానివ్వవు, సీలు వేసిన పొట్లాలకే అనుమతి. మన దేశం నుంచి వెళ్లే నౌకలో శాకాహారానికి లోటుండదు. విదేశీ నౌకల్లో మాత్రం శాకాహారం, మధుమేహుల ఆహారం కావాలని బుకింగ్ సమయంలోనే రాయించాలి. ఒడ్డు దాటగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు తగులుకుని బిల్లు కొండెక్కుతుంది.

ఇక కడుపులో తిప్పడం సంగతి. కళ్లకు గది కదలనట్టే కనిపిస్తుంది, లోపలి చెవికి మాత్రం కదలిక తెలుస్తుంది. ఆ రెంటికీ పొసగకే వాంతులు. డెక్కు మీదికి వచ్చి దూరంగా నింగీ నీరూ కలిసే గీతను చూస్తే కుదుటపడుతుంది. మాత్రలైతే తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగే ఏ మాత్రైనా వేసుకోవాలి. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు శానిటైజరు పెద్దగా పనిచేయదు.

ఏడు పొట్టి, ఒక పొడవు

ఓడెక్కగానే అందరూ బఫేకో, కొలనుకో పరుగెడతారు. అంతకన్నా ముఖ్యమైనది భద్రతా డ్రిల్లు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత వినిపిస్తే ఎక్కడికి చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో అందులో చెబుతారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాళ్లకు తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది మందికి అప్పటికింకా డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాతే కొత్తవాళ్లు ఎక్కితే బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో డ్రిల్లు జరిపి తీరాలన్న అంతర్జాతీయ నియమం వచ్చింది. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరి మింగిన పడవను చూసిన మనకు లైఫ్ జాకెట్ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మానాన్నల చేయి పట్టుకుని, గది నుంచి ఆ చోటు దాకా మెట్ల మీదుగా ఒకసారి నడిపించండి. ప్రమాదంలో లిఫ్టులు వాడకూడదు.

దిగాలా, వద్దా?

ప్రతి రేవులోనూ ఓడ గట్టుకు ఆనదు. లక్షద్వీప్ లాంటిచోట్ల లోతు నీళ్లలోనే ఆగుతుంది, అక్కడి నుంచి చిన్న పడవల్లోకి దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి అలల మీద ఊగే పడవలోకి అడుగు వేయడం కష్టం. ఏ రేవులో గట్టు ఉందో, ఎక్కడ పడవల్లోకి దిగాలో బుకింగ్‌కు ముందే అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్లుంటే గట్టున్న రేవులే ఎక్కువగా ఉన్న యాత్రను ఎంచుకోండి. సొంతంగా ఊరు చూడటానికి వెళ్తే నౌక చెప్పిన సమయానికి గంట ముందే తిరిగి రండి.

ఇవన్నీ ముందే చూసుకున్న ఇంట్లో ఆ సాయంత్రం వేరేలా ఉంటుంది. చెన్నై తీరం వెనకబడుతుంటే అమ్మ శాలువా కప్పుకుని డెక్కు కుర్చీలో కాళ్లు చాపుకొంటుంది. నాన్న మందు వేసుకుని, మనవడికి దూరాన లైట్‌హౌస్ వెలుగు చూపిస్తాడు. ఇంటికెళ్లి ఎవరికీ ఫొటోలు చూపించే పని లేదు. ఈసారి గదిలో ఎవరూ మిగల్లేదు.