ఉప్పునీటి బీచ్‌లో బంగారం వెతకాలంటే ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి?

ఎప్పట్లాగే గాంధీనగర్‌లో మా ఇంటి పై గది నుంచే మాట్లాడుతున్నా. వెనకాల ఆటో హారన్లు వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఈ ఎపిసోడ్ ఒక తమ్ముడి కోసం. అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. సొంతూరు ఉప్పాడ దగ్గర. మొన్న చిక్కడపల్లిలో టీ తాగుతుంటే గుర్తుపట్టి పలకరించాడు. "అన్నా, ఇరవై రెండు వేలు దాచుకున్నా. మెటల్ డిటెక్టర్ కొని తుఫాను తర్వాత మా ఊరి బీచ్‌లో తిరిగితే డబ్బులొస్తాయా? ఏది కొనాలి?" అన్నాడు. ఆ ఇరవై రెండు వేలు వాడి నాలుగైదు నెలల ఖర్చు. అందుకే అక్కడికక్కడ సమాధానం చెప్పకుండా, వీడియో చేస్తా తమ్ముడూ, ఆగు అన్నా.

ఉప్పాడ సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కాకినాడ జిల్లా, జాందానీ చీరలకి పేరున్న ఊరు. సముద్రం ఏళ్ల తరబడి ఆ ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఇళ్లు, గుళ్లు నీళ్లలో కలిసిపోయాయి. 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాత ఒడ్డున చిన్న చిన్న బంగారు రేణువులు దొరుకుతున్నాయని జనం ఇసుకలో వెతకడం టీవీల్లో చూసే ఉంటారు. పాత ఇళ్లలో, గుళ్లలో ఉన్న బంగారమే బయటికొస్తోందని ఊళ్లోవాళ్లు చెప్పుకునే మాట.

ఇప్పుడు నా సొంత కథ. ఈ విషయంలో నేను ఆల్రెడీ డబ్బులు తగలేసినవాణ్ణి.

పోయిన డిసెంబర్‌లో ఫ్యామిలీ అంతా సూర్యలంక వెళ్లాం. మోకాలి లోతు నీళ్లలో ఉండగా బావ వేలి ఉంగరం జారిపోయింది. అర తులం. పెళ్లికి మా నాన్న పెట్టింది. బావ ఏమీ అనలేదు గానీ, అక్క రిటర్న్‌లో బండి ఎక్కిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. నేను హీరోలాగా సోమవారమే ఆన్‌లైన్‌లో ఒక డిటెక్టర్ ఆర్డర్ పెట్టా. తొమ్మిది వేలు. డబ్బా మీద "వాటర్‌ప్రూఫ్" అని పెద్దక్షరాలు. తర్వాతి శనివారం బాపట్ల రైలెక్కా.

పొడి ఇసుకలో మెషిన్ సూపర్. అరగంటలో నాలుగు రూపాయి బిళ్లలు, లెక్కలేనన్ని సోడా మూతలు. తడి ఇసుక మీదికి అడుగు పెట్టగానే కుయ్ కుయ్‌మని ఒకటే గోల. కాయిల్ ఊపితే చాలు, ఏమీ లేకపోయినా అరుస్తుంది. సెన్సిటివిటీ తగ్గిస్తూ పోయా. చివరికి నోరు మూసుకుంది. అప్పుడు డౌటొచ్చి నా వేలి ఉంగరానికి దారం కట్టి తడి ఇసుకలో రెండంగుళాల లోతున పెట్టి చూశా. మెషిన్ ఉలకలేదు, పలకలేదు. అంటే గోల ఆపడం కోసం నేను దాని చెవులే మూసేశా.

ఎందుకిలా? మెటల్ డిటెక్టర్ పని చేసే పద్ధతి సింపుల్. కింద ఉన్న కాయిల్ ఒక మాగ్నెటిక్ ఫీల్డ్‌ని మార్చి మార్చి వదులుతుంది. కింద లోహం ఉంటే దాంట్లో చిన్న కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడుల నుంచి తిరిగొచ్చే సిగ్నల్‌ని రెండో కాయిల్ వింటుంది. అంటే మెషిన్‌కి "బంగారం" అనేది తెలియదు. కరెంటు పారగలిగేది ఏదైనా దానికి టార్గెటే. ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది. కాబట్టి తడి ఇసుక మొత్తం ఒక పెద్ద, పల్చటి లోహపు రేకులాగా కనిపిస్తుంది. ఆ ఉప్పు ఇచ్చే సిగ్నల్ అచ్చం సిగరెట్ పెట్టె రేకు, సన్న బంగారం ఇచ్చే సిగ్నల్ పక్కనే ఉంటుంది. ఉప్పుని వినొద్దు అని సెట్ చేస్తే సన్న బంగారాన్ని కూడా వినొద్దు అని చెప్పినట్టే.

ఇది కొత్త సమస్య కూడా కాదు. 1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్‌కి తుపాకీ గుండు తగిలితే, ఒంట్లో గుండు ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే చేసుకొచ్చాడు. మంచం పరుపులో ఉన్న స్టీల్ స్ప్రింగులు దాన్ని తికమక పెట్టాయి. నాకు పరుపు బదులు సముద్రం దొరికింది, అంతే.

మన తీరంలో ఇంకో తలనొప్పి, నల్ల ఇసుక. శ్రీకాకుళం, భీమిలి వైపు నుంచి కిందిదాకా చాలాచోట్ల ఇల్మెనైట్, గార్నెట్, కొంత మాగ్నెటైట్ కలిసిన బరువైన ఇసుక ఉంటుంది. దాని సిగ్నల్ ఉప్పు సిగ్నల్‌లా ఉండదు, వేరే రకం. ఇంజనీరింగ్ చదివినవాళ్లకి వెంటనే వెలగాలి: ఇక్కడ రెండు అన్‌నోన్స్ ఉన్నాయి, ఉప్పు ఒకటి, నల్ల ఇసుక ఒకటి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే మెషిన్ దగ్గర ఉన్నది ఒకే ఈక్వేషన్. ఉప్పుకి బ్యాలెన్స్ చేస్తే నల్ల ఇసుక అరుస్తుంది, నల్ల ఇసుకకి చేస్తే ఉప్పు అరుస్తుంది. నేను కొన్నది సరిగ్గా అలాంటి సింగిల్ ఫ్రీక్వెన్సీదే. తక్కువ ధరలో దొరికేవి దాదాపు అన్నీ అంతే.

దీనికి మందు, ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపే మెషిన్లు. ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ వాళ్ల ఈక్వినాక్స్, టర్కీ కంపెనీ నోక్టా వాళ్ల లెజెండ్, ఫ్రాన్స్ కంపెనీ ఎక్స్‌పీ వాళ్ల డ్యూస్ 2 ఈ కోవలోవి. వేరే వేరే ఫ్రీక్వెన్సీల్లో ఉప్పు ఒకలా, ఖనిజం ఒకలా, లోహం ఒకలా స్పందిస్తాయి కాబట్టి లెక్క వేసి ఉప్పుని తీసేయగలవు. కొనేటప్పుడు ఒక్కటి మాత్రం జాగ్రత్త. "మల్టీ ఫ్రీక్వెన్సీ" అని రాసి ఉన్నవన్నీ ఇవి కావు. కొన్నింట్లో నాలుగైదు ఫ్రీక్వెన్సీలుంటాయి గానీ ఒక్కోసారి ఒక్కటే ఎంచుకోవాలి. అది మన ఈక్వేషన్‌కి పనికిరాదు. ఒకేసారి పంపుతుందా లేదా అన్నదే అడగండి.

వాటర్‌ప్రూఫ్ అన్న మాట కూడా అలాంటిదే. నీళ్లు లోపలికి పోకపోవడం వేరు, ఉప్పునీళ్లలో వినగలగడం వేరు. గ్యారెట్ ఏటీ ప్రోనే తీసుకోండి. మూడు మీటర్ల లోతు దాకా ముంచొచ్చు. కానీ 15 కిలోహెర్ట్జ్ సింగిల్ ఫ్రీక్వెన్సీ. చెరువు, నది అయితే మంచి మెషిన్. ఉప్పు తడిలో సెన్సిటివిటీ బాగా తగ్గించుకోవాల్సిందే. ఇంకొన్ని చవక మోడల్స్‌లో కాయిల్ ఒక్కటే వాటర్‌ప్రూఫ్, పైన ఉన్న డబ్బా మీద అల పడిందా, అయిపోయినట్టే.

మూడో రకం పల్స్ ఇండక్షన్. గ్యారెట్ సీ హంటర్ లాంటివి. ఇది గట్టిగా ఒక పల్స్ కొట్టి, ఆపి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి అప్పుడు వింటుంది. ఉప్పు సిగ్నల్ ఆ కాసేపట్లోనే చచ్చిపోతుంది. నల్ల ఇసుక గోల కూడా చాలావరకు తప్పుతుంది. నీళ్లలోపల, లోతుగా ఉన్న ఉంగరం కావాలంటే ఇది మొనగాడు. కానీ ఇనుముకీ బంగారానికీ తేడా సరిగ్గా చెప్పలేదు. మేకు, హెయిర్ పిన్, గాలం ముల్లు, అన్నీ తవ్వాల్సిందే. మన బీచ్‌ల మీద ఎంత చెత్త ఉంటుందో మీకు తెలుసు కదా. నడుం పోతుంది.

ఇప్పుడు తమ్ముడి అసలు ప్రశ్నకి వద్దాం. ఉప్పాడలో దొరికేవి రేణువులు. బియ్యపు గింజకంటే చిన్నవి. అంత చిన్న బంగారంలో పుట్టే కరెంటు సుడి కూడా ఉప్పు సిగ్నల్‌లాగే క్షణంలో చచ్చిపోతుంది. పల్స్ మెషిన్ ఆగి వినేలోపే అది పోతుంది. మల్టీ ఫ్రీక్వెన్సీ మెషిన్ ఉప్పుని తీసేస్తూ దాన్ని కూడా కలిపి తీసేస్తుంది. చిన్న బంగారం కోసమే చేసిన హై ఫ్రీక్వెన్సీ మెషిన్లు ఉన్నాయి, 40 కిలోహెర్ట్జ్, అంతకంటే పైన. అవి పొడి నేల మీద అద్భుతం. ఉప్పు తడిలో అవే అందరికంటే ముందు చేతులెత్తేస్తాయి.

ఇంకా చూడండి. బంగారం సాంద్రత నీళ్లకి 19 రెట్లు. మామూలు ఇసుక రెండున్నర రెట్ల పైన, ఇల్మెనైట్ నాలుగున్నర రెట్ల పైన. అల వచ్చి పోతున్నప్పుడు తేలికైన ఇసుక కొట్టుకుపోయి బరువైనవి ఒకచోట చేరతాయి. అంటే బంగారు రేణువు ఆగేది ఎక్కడ? నల్ల ఇసుక చారలోనే. మెషిన్ ఎక్కడ ఎక్కువ ఇబ్బంది పడుతుందో సరుకు అక్కడే ఉందన్నమాట. అక్కడ కళ్లు, చేతులు, జల్లెడ చేసే పని ఏ కంపెనీ మెషినూ చేయదు. తమ్ముడూ, నీ ఇరవై రెండు వేలు జేబులోనే ఉంచుకో. తుఫాను తర్వాత ఊళ్లోనే ఉంటే మీ అమ్మతో పాటు వెళ్లి నల్ల చారల్లో చూడు. అదీ సముద్రం శాంతించాక, ఆటు టైంలో, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు. కోతకు గురైన గట్టు కింద మాత్రం కూర్చోవద్దు, విరిగి మీద పడుతుంది.

మరి మెషిన్ ఎవరికి? జనం పోగొట్టుకున్న ఉంగరాలు, మెట్టెలు, నాణేలు వెతికేవాళ్లకి. ఆర్కే బీచ్, సూర్యలంక, మంగినపూడి లాంటి జనం స్నానాలు చేసే చోట్లకి. దానికి ఒకేసారి మల్టీ ఫ్రీక్వెన్సీ ఉన్నది, మొత్తం మునిగినా ఫర్లేదన్నది కొనండి. అంత డబ్బు లేదా, తక్కువ ధర సింగిల్ ఫ్రీక్వెన్సీ తీసుకుని పొడి ఇసుక దాటకుండా తిరగండి. అందులో తప్పేం లేదు, కూర్చునేచోట, బట్టలు మార్చుకునేచోట చాలా పడిపోతాయి. గొలుసు మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. సన్న గొలుసు మెషిన్‌కి ఒక పెద్ద వస్తువు కాదు, విడివిడి చిన్న లింకుల గుంపు. తులం గొలుసు కంటే అర తులం ఉంగరమే గట్టిగా వినిపిస్తుంది, ఎందుకంటే ఉంగరం మూసి ఉన్న చక్రం. పుస్తెలు బిళ్లలు కాబట్టి కొంచెం నయం. ఇంకో మాట, రేకుల్ని వినొద్దు అని డిస్క్రిమినేషన్ పెట్టుకున్నారంటే సన్న ఉంగరాలు కూడా పోయినట్టే. టాబ్లెట్ స్ట్రిప్పులు తవ్వే ఓపిక ఉండాలి.

కొనేముందు టెస్ట్ చేయనివ్వమనండి. నేను ఇప్పుడు ఏం చేస్తానంటే, ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి, లీటరు నీళ్లకి 35 గ్రాముల కళ్లుప్పు చొప్పున కలిపి తడిపి, దారం కట్టిన ఉంగరం అందులో పాతి చూస్తా. పూర్తిగా సముద్రం కాదు గానీ సగం నిజం బయటపడుతుంది. మేడ మీద మాత్రం చేయకండి. స్లాబులో ఇనుప చువ్వలుంటాయి. నేను చేసి, మెషిన్ పాడైందని గంటసేపు తిట్టుకున్నా.

చట్టం సంగతి కూడా. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాగి ఉన్న నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. దాచితే ఏడాది దాకా జైలు పడొచ్చు. నిన్న ఎవరో పోగొట్టుకున్న ఉంగరం నిధి కాదు, వాళ్ల సొత్తు. కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 314 కింద నేరం. పాత గుళ్లు, కోటల దగ్గరికి అసలు మెషిన్ తీసుకెళ్లొద్దు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి, ఆ గూళ్లు కనిపిస్తే దూరంగా జరగండి. తవ్విన గుంత పూడ్చండి, పిల్లలు పరిగెత్తే చోటు అది.

బావ ఉంగరం దొరకలేదు. ఇన్ని నెలల్లో ఇసుక ఎంత కదిలిందో ఎవరికి తెలుసు. అయినా ఫ్రెండ్ దగ్గర ఈక్వినాక్స్ ఉందని తెలిసింది, రెండు రోజులకి అడిగా. ఈసారి అమావాస్యకి వెళ్తున్నా, ఆ రోజుల్లో నీళ్లు ఇంకాస్త ఎక్కువ వెనక్కి పోతాయి. అక్కకి చెప్పలేదు. ఈ వీడియో చూస్తే తెలిసిపోతుంది, ఏం చేస్తాం. వెళ్లొచ్చాక ఏం దొరికిందో, ఎన్ని సోడా మూతలో, అన్నీ బల్ల మీద పోసి చూపిస్తా. ఉంటాను.