ఆంగ్ల భాషా బోధన - పరిశోధన, సాంకేతికత

మాతృభాష ఇంటి వాతావరణంలో, ప్రత్యేక ప్రయత్నం లేకుండానే పట్టుబడుతుంది. ద్వితీయ భాష అలా పట్టుబడదు. దానిని ఒక పద్ధతి ప్రకారం నేర్పవలసి ఉంటుంది, నేర్చుకోవలసి ఉంటుంది. తెలుగు రాష్ట్రాలలో విద్యార్థులు ఏళ్ళ తరబడి ఆంగ్లాన్ని పాఠ్యాంశంగా చదువుతున్నారు. పరీక్షలలో మంచి మార్కులూ పొందుతున్నారు. అయినా ఎదుటివారు ఆంగ్లంలో ఒక ప్రశ్న అడిగినప్పుడు జవాబు తెలిసి కూడా మౌనం వహించేవారు వారిలో అనేకులు. ఉద్యోగార్థియై హైటెక్ సిటీ మెట్లెక్కిన పల్లెటూరి పట్టభద్రునికి ఆ మౌనం చేసే నష్టం ఎంతటిదో బాగా తెలుసు. లోపం అతని తెలివితేటలలో లేదు. భాషను నైపుణ్యంగా కాక, కంఠస్థం చేయవలసిన విషయంగా బోధించిన తీరులో ఉంది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో నెలకొల్పిందీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఏర్పడిందీ ఆ సంవత్సరమే. విదేశీ సంస్థలతో నిత్యం మాట్లాడవలసిన ఉద్యోగాలు పెరగడంతో ఆంగ్ల సంభాషణకు గిరాకీ ఏర్పడింది. అమీర్‌పేట వీధులలో కంప్యూటర్ శిక్షణతో పాటు ఆంగ్ల సంభాషణ తరగతులూ వెలిశాయి.

ఆంగ్లాన్ని శాస్త్రీయంగా బోధించే కృషి మాత్రం ఈ నగరంలో అంతకు నలభై ఏళ్ళ ముందే మొదలైంది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం, బోధనా పద్ధతులపై పరిశోధన చేయడం దాని ఆశయాలు. తొలినాళ్ళలో దానికి సారథ్యం వహించిన వి.కె. గోకాక్ ప్రసిద్ధ కన్నడ కవి, అనంతర కాలంలో జ్ఞానపీఠ పురస్కార గ్రహీత. మాతృభాషలో మహాకవి అయినవాడు ఆంగ్ల బోధనకు మార్గదర్శి కావడం గమనింపదగిన విషయం. 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకొని ఈ సంస్థ ‘సీఫెల్’గా పేరొందింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ‘ఇఫ్లూ’గా మారింది. దీని ప్రాంగణం తార్నాకలో ఉంది.

ఈ సంస్థ నుండి 1969లో వెలువడిన ఆర్.కె. బన్సల్ పరిశోధన ముఖ్యమైనది. భారతీయులు మాట్లాడే ఆంగ్లం ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందనేది ఆయన పరిశీలించిన అంశం. భారతీయుల మాటలను ధ్వనిముద్రణ చేసి, వివిధ దేశాల శ్రోతలకు వినిపించి, వారు గ్రహించినదెంతో లెక్కించారు. మాట అర్థం కాకపోవడానికి ప్రధాన కారణాలలో ఒకటి పదంలో ఊనిక తప్పడమేనని ఈ పరిశోధన తేల్చింది.

తెలుగు విద్యార్థి దీనిని సులభంగా గ్రహింపగలడు. తెలుగులో అచ్చు నిడివి మారితే అర్థం మారుతుంది. ‘పడు’ వేరు, ‘పాడు’ వేరు. కాని ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా అర్థం మారదు. ఆంగ్లంలో ఊనికకు ప్రాధాన్యం ఎక్కువ. ‘రికార్డ్’ అనే పదంలో మొదటి అక్షరాన్ని ఊని పలికితే నామవాచకం, రెండవదాన్ని ఊని పలికితే క్రియ. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరంపై ఉండే ఊనిక ‘ఫొటోగ్రఫీ’లో రెండవ అక్షరానికి జరుగుతుంది. తెలుగు అజంత భాష కనుక ‘బస్’ను ‘బస్సు’గా పలకడం తెలుగువారికి సహజం. ఇవి అజ్ఞానం వల్ల కలిగే దోషాలు కావు. మాతృభాష వేసిన ముద్రలు. అభ్యాసకుని తప్పులు అతని మనసులో భాష ఎలా రూపొందుతున్నదో తెలిపే ఆధారాలని 1967లో పిట్ కార్డర్ అనే భాషావేత్త ప్రతిపాదించాడు. కనుక తప్పును చూసి నవ్వడం కాక, దాని మూలాన్ని వెదకడం బోధకుని కర్తవ్యం.

భాషను వాడుతూ నేర్చుకోవాలన్న సూత్రాన్ని దక్షిణ భారతదేశపు పాఠశాలలలోనే పరీక్షించారు. 1979 నుండి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగుళూరు ప్రాజెక్టులో విద్యార్థులకు వ్యాకరణ సూత్రాలకు బదులు పటాలు, రైళ్ళ సమయపట్టికలు ఇచ్చి సమస్యలు పరిష్కరించమన్నారు. ఆ పనిలోనే వారికి భాష అలవడాలన్నది ఆయన ఉద్దేశం. నేడు ప్రపంచమంతటా ప్రచారంలో ఉన్న కార్యాధారిత బోధనకు ఇది తొలి ప్రయోగాలలో ఒకటి.

పరిశోధన ఏమి నేర్పాలో చెబితే, సాంకేతికత దానిని సాధన చేసే అవకాశం కల్పిస్తుంది. ఒకనాడు టేపు రికార్డర్లతో నడిచిన భాషా ప్రయోగశాలలు తరువాత కంప్యూటర్లతో నిండాయి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘ప్రాత్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మాటలోని స్వరాన్ని, తీవ్రతను గీతలుగా చూపుతుంది. చెవికి అందని ఊనిక అక్కడ కంటికి కనబడుతుంది. మాటను గుర్తించే యంత్రాలు ధ్వనిని సెకనులో నూరవ వంతు ప్రమాణంలో ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కటి ఏ వర్ణమో అంచనా వేస్తాయి. నేటి కృత్రిమ మేధ విద్యార్థితో సంభాషణ కూడా జరుపుతుంది. నలుగురిలో తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని జంకే విద్యార్థికి, ఎన్నిసార్లు అడిగినా విసుగుచెందని ఈ తోడు ఎంతో మేలు చేస్తుంది.

అయితే యంత్రానికీ పరిమితులున్నాయి. అది ఏ ప్రాంతపు మాటలను ఎక్కువగా విన్నదో వాటినే బాగా గుర్తిస్తుంది. అమెరికా ఉచ్చారణతో శిక్షణ పొందిన యంత్రం తెలుగువాని స్పష్టమైన మాటను కూడా తప్పుగా ఎంచవచ్చు. కనుక దాని తీర్పే తుదితీర్పు కాదు. ఎదుటివారికి అర్థమయ్యేలా మాట్లాడడం లక్ష్యం కావాలి గాని, మరొకరి యాసను అనుకరించడం కాదు. అలాగే వ్యాసాన్ని యంత్రం చేత రాయించుకుంటే విద్యార్థికి మిగిలేది కాగితమే, భాష కాదు. అభ్యాసం కూసువిద్య అన్న సామెత ఇక్కడా వర్తిస్తుంది.

తార్నాక, అమీర్‌పేట, హైటెక్ సిటీ ఈనాడు ఒకే మెట్రో మార్గంలో ఉన్నాయి. పరిశోధన, శిక్షణ, ఉపాధి కూడా ఆ విధంగానే కలిసినప్పుడు పల్లెటూరి విద్యార్థి మౌనం వీడగలడు. తెలుగును విడిచిపెట్టడం వల్ల ఆంగ్లం రాదు. తన భాష తీరును చక్కగా ఎరిగినవాడే పరభాష తీరులోని తేడాను పట్టుకోగలడు. ఈ సత్యాన్ని గ్రహించి సాధన చేసిన విద్యార్థికి రెండు భాషలూ రెండు కళ్ళవుతాయి.