ఆటల అంగళ్ల పోటీ: లాభం ఎవరికి?

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు దిగిన కుర్రాడు ఆటకి ఫోనే తీస్తాడు. అదే జిల్లాలో, కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్ హాస్టల్లో విద్యార్థి ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఇద్దరూ కొనేది ఆటే. కొనే అంగడి వేరు, దక్కే బేరం వేరు.

కంప్యూటర్ ఆటల్లో 2003లో మొదలైన స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడి చాలాకాలం ఏకచ్ఛత్రంగా ఏలింది. అమ్మకంలో 30 శాతం కమీషన్ దానిదే. 2018 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ స్టోర్ వచ్చి తనకు 12 శాతం చాలంది. గిరాకీ కోసం ఆటలను ఉచితంగా పంచింది. 2020 మేలో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 ఇచ్చినప్పుడు, జనం తాకిడికి స్టోరే గంటల తరబడి మొరాయించింది. మరోవైపు మెట్రో ఎక్సోడస్ లాంటి ఆటలను ఏడాదిపాటు తన దగ్గరే కట్టిపడేసింది. నచ్చిన చోట కొనుక్కునే వీలు ఆ ఏడాది ఆటగాళ్లకు లేకపోయింది.

ఫోన్ సంగతి వేరు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌దే రాజ్యం.

ప్లే స్టోర్ బిల్లింగ్ నిబంధనలపై 2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ గూగుల్‌కు రూ.936.44 కోట్ల జరిమానా వేసింది. అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025 మార్చిలో దాన్ని రూ.216.69 కోట్లకు తగ్గించింది. గూగుల్ బిల్లింగ్ కాక వేరే చెల్లింపు పద్ధతి వాడుకునే వీలు యాప్ కంపెనీలకు దక్కినా, గూగుల్ తన కమీషన్‌లో తగ్గించింది 4 శాతం పాయింట్లే. ఆ మాత్రానికి ఆటగాడి ధర దిగుతుందని ఆశించలేం.

ఫోన్‌పే 2024 ఫిబ్రవరిలో తెలుగు సహా 12 భారతీయ భాషల్లో ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చింది. అయితే ప్రత్యర్థి స్టోర్లకు ప్లే స్టోర్‌లో చోటివ్వాలని మరో కేసులో కమిషన్ ఇచ్చిన ఆదేశాన్ని 2023లోనే ట్రిబ్యునల్ కొట్టేసింది. ఫోన్‌లో ముందే లేకపోతే, కొత్త స్టోరును హెచ్చరికలు దాటుకుంటూ విడిగా ఎక్కించుకోవాలి. తలుపు సగమే తెరుచుకున్న పోటీ ఇది. ఫోనే ఆటస్థలమైన లక్షల మందికి ఇది అన్యాయం.

కొనేవాళ్లు కొంత జాగ్రత్తపడొచ్చు. డబ్బు కట్టేముందు రెండు స్టోర్ల ధరలు పోల్చండి. వాపసు నిబంధన చదవండి: స్టీమ్‌లో 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగొస్తుంది. చాలా స్టోర్లు అమ్మేది ఆడుకునే అనుమతినే తప్ప ఆటను కాదని గుర్తుంచుకోండి. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.