చీటిపై చెదరిన యక్షరములు



మా రఘునాథపల్లిలో గృహిణులము కొందఱము కలిసి వేసవిలో మామిడికాయ తొక్కు పెట్టి విక్రయించుచుందుము. సీసాలకు అంటించు లేబులును మా వదినెగారు ఇంటి కంప్యూటరుపై తామే చిత్రించిరి. మామిడికాయ, రెండాకులు, వానిక్రింద పెద్ద యక్షరములు. చూచుటకు ముచ్చటగా నుండెను. ముద్రణాలయమువారు దానిని వేఱొక సాఫ్టువేరులో తెఱచి అచ్చువేసిరి. ఐదువందల లేబులులు వచ్చిన పిదప చూడగా, "తొక్కు" అను మాటలో ఒత్తు విడిపోయి "తొక్ కు" అని యుండెను! పైకము పోయెను. అంతకంటె, చదువురానివారి సరకని కొనువారు తలంతురేమో యని సిగ్గు కలిగెను.

ఈ తప్పునకు కారణమును పిదప తెలిసికొంటిమి. కంప్యూటరు "క్కు"ను ఒక్క బొమ్మగా దాచదు. క, పొల్లు, క, ఉకారము అని నాలుగు గుర్తులుగా దాచును. వానిని కూర్చి ఒత్తుగా నిలుపు విధానము ఫాంటులో వ్రాయబడి యుండును. ఆ విధానమును చదువగల శక్తి సాఫ్టువేరునకు లేనిచో ఒత్తు చెదరిపోవును. 'అను స్క్రిప్టు' వంటి పాత ఫాంట్లతో మఱియొక చిక్కు కలదు. వానిలో ఆంగ్లాక్షరముల స్థానమున తెలుగు బొమ్మలను నిలిపిరి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థములేని ఆంగ్ల గుర్తులే కానవచ్చును. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణమున తెలుగునకు ప్రత్యేకస్థానము కలదు గనుక వ్రాతను యూనికోడులో ఉంచుకొనుటయే మేలు.

మా యనుభవమున తేలిన కొన్ని సూచనలు ఇవి.

ఏ సాఫ్టువేరునైనను పని మొదలిడుటకు ముందే "స్త్రీ, రాష్ట్రము, జ్ఞానము, తొక్కు" అని వ్రాసి పరీక్షింపుడు. ఇన్‌డిజైన్ వాడువారు 'వరల్డ్ రెడీ కంపోజర్'ను ఎన్నుకొనవలయును; అప్పుడే ఒత్తులు సరిగా నిలుచును.

లేబులులకు, ముగ్గులకు ఇంక్‌స్కేపు అనుకూలము. అది ఉచితము, అందు గీసినది గీతల రూపమున నుండుటచే ఎంత పెంచినను మసకబాఱదు. ఛాయాచిత్రములను సవరించుటకు గింపు మంచిది. అదియు ఉచితమే, కాని చుక్కల కూర్పగుటచే చిన్న చిత్రమును పెద్దదిగా సాగదీయరాదు. అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలుండుట మేలు.

మల్లన్న, సురవరం, రామభద్ర అను తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో వెల లేకుండ లభించును. పోతన 2000 అను ఫాంటును కలదు. పోతన పేరుతో ముడివడిన బమ్మెర గ్రామము మన జనగామ జిల్లాలోనిదే గదా!

ముద్రణకు పంపునపుడు ఒక నకలు తీసి, అందలి యక్షరములను గీతలుగా మార్చి, పీడీఎఫ్‌గా పంపుడు. ఇంక్‌స్కేపులో దీనిని 'ఆబ్జెక్టు టు పాతు' అందురు. పిమ్మట ఆ నకలులో మాటలను తిరుగ వ్రాయుటకు వీలుండదు. కావున అసలు ప్రతిని భద్రపఱచుట మఱవకుడు. అంచుల చుట్టును 3 మిల్లీమీటరుల రంగు అదనముగా విడువుడు. కత్తిరింపులో తెల్లగీత పడదు. తెరపై రంగు కాంతితోడను, కాగితముపై రంగు సిరాతోడను ఏర్పడును గనుక తెరమీది పచ్చదనము అచ్చులో కొంత తగ్గును. ముందుగా ఒక్క ప్రతిని తెప్పించి చూచిన పిదపనే తక్కినవానికి అనుమతి నిండు.

లోపము కనబడిన, "మనకేల" యని యూరకుండరాదు. సాఫ్టువేరు పేరు, దాని సంచిక, ఫాంటు పేరు, వ్రాసిన మాట, అది ఉండవలసిన రూపము, తెరచిత్రము జతపఱచి తయారుచేసినవారికి తెలుపుడు. "పనిచేయుట లేదు" అని మాత్రము వ్రాసిన వారికేమియు బోధపడదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను నక్షరపు గుర్తుల వరుస యొకటి వచ్చినంతనే ఐఫోనులలో యాప్‌లు ఆగిపోవుచుండెను. ఆ సంగతి వెల్లడి కాగా, ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ సవరణను విడుదల చేసెను. ఒక్క తెలుగు అక్షరమునకై అంత పెద్ద సంస్థయు కదలవలసి వచ్చెను.

పెంబర్తి శిల్పి రేకుపై సుత్తి వేయుటకు ముందే బొమ్మను గీసి చూచుకొనును. మేమును ఇప్పుడట్లే చేయుచున్నాము. రెండవమాఱు వచ్చిన నమూనాను మా వదినెగారు వెలుతురులో పట్టుకొని, ఒత్తుపై వ్రేలుంచి చదివిరి: "తొక్కు." ఆ పిదపనే అచ్చునకు సరేనంటిమి.