వరిమళ్ల నడిమిట్ల గిటార్ల జాతర

జీరో అంటే సున్న గాదు తమ్మీ, అదొక ఊరి పేరు. అరుణాచల్ ప్రదేశ్‌ల లోయర్ సుబన్‌సిరి జిల్లాకు కేంద్రం. ఐదు వేల అడుగుల ఎత్తుల, చుట్టూ పైన్ చెట్ల గుట్టలు, నడిమిట్ల తాంబాళం లెక్క పరుచుకున్న వరిమళ్లు. 2012 సంది సెప్టెంబర్ వచ్చిందంటే ఆ మళ్ల పక్కన నాలుగు దినాలు గిటార్లు, డ్రమ్ములు మోగుతయి. కరోనాకు ఆగింది, 2022ల మళ్ల లేచింది. దేశం నలుమూలలకెల్లి పొల్లగాండ్లు బ్యాగులు తగిలిచ్చుకొని పోతరు. నేను గూడ పోయిన. నలభై దాటినంక నీకు రాక్ ఎందుకని మావోళ్లు నవ్విండ్రు.

మా మండలంల పిల్లలను అడిగితె రాక్ అంటే కాన్వెంటు సదువుల సంగీతం, పైసలున్నోళ్ల సంగీతం అంటరు. ఇంగ్లీష్ రానోళ్లకు అక్కడ పనేందని ఒక తమ్ముడు నన్నే ఎదురడిగిండు. నాకు గూడ ఆ పాటలల్ల సగం మాటలు తెల్వయి. ధూంధాంల ఎగిరినోళ్లలో ఎంతమంది ప్రతి మాటా విని ఎగిరిండ్రు? దరువు కాళ్లకు అందుతె సాలు, మాట తర్వాత మెల్లగ వస్తది.

రాక్ బ్యాండ్‌ల పెద్ద మతలబు ఏం లేదు. డ్రమ్ములు వాయించేటోళ్లు ఒకరు, బేస్ గిటారు ఒకటి, ఎలక్ట్రిక్ గిటారు ఒకటో రెండో, పాడే గొంతు ఒకటి. ఎలక్ట్రిక్ గిటారుకు తీగెల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగె ఉంటయి. ఇనుప తీగె కదిలితె అండ్ల సన్నటి కరెంటు పుడ్తది, అది ఆంప్లిఫయర్ల పడి పెద్ద సప్పుడైతది. ఆంప్లిఫయర్ ఓపిక కన్న ఎక్కువ గుంజితె సప్పుడు చినిగినట్టు, గరుకుగ వస్తది. మొదట్ల దాన్ని మిషిన్ తప్పు కింద చూసిండ్రు. రాక్ వాయించేటోళ్లు ఆ చినుగుడునే కావాల్నని పట్టుకున్నరు. మనోళ్లు డప్పును మంట కాడ కాపి, తోలు బిగిసి కంగుమనేదాక ఆగి కొడ్తరు గదా, గసొంటిదే ఇది గూడ. ఇగ బేస్ గిటారు చెవికి తక్కువ, ఛాతికి ఎక్కువ తగుల్తది. స్పీకర్ల ముందటికి పోయి నిలబడితె బొక్కలు కదిలినట్టు అనిపిస్తది. చెవుల్ల ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోని పోవాలె. దీంట్ల సిగ్గుపడేది ఏం లేదు, వాయించేటోళ్లే పెట్టుకుంటరు.

ఈ జాతరను అరుణాచల్‌కు చెందిన బాబీ హానో, ఢిల్లీల మెన్‌హూపాజ్ అనే బ్యాండ్‌ల గిటారు వాయించే అనూప్ కుట్టి కలిసి మొదలువెట్టిండ్రు. పగటికి ఒక స్టేజి, రాత్రికి ఒక స్టేజి. అక్కడి ఆదివాసులు కొలిచే సూర్యుడు, చంద్రుడు, ఆ ఇద్దరి పేర్లే వాటికి పెట్టుకున్నరు. స్టేజీలు, కంచెలు, కూసునే మంచెలు చాన మట్టుకు వెదురుతోనే. కట్టేది ఆ లోయలుండే అపతానీలు. ఇంటి పెరట్ల, గుట్ట అంచుల వెదురు పెంచుకునుడు వాళ్లకు తాతల నాటి పని. ఇల్లు గావాల్నన్నా, బుట్ట గావాల్నన్నా, కూర గావాల్నన్నా వెదురే. అమెరికాల పేరు మోసిన సోనిక్ యూత్ బ్యాండోళ్లు లీ రనాల్డో, స్టీవ్ షెల్లీ ఆ వెదురు మంచె ఎక్కి వాయించి పోయిండ్రు.

పగటి స్టేజి మీద ఎక్కువగ ఈశాన్య రాష్ట్రాల బ్యాండ్లు, ఇప్పుడిప్పుడే పైకొచ్చేటోళ్లు వాయిస్తరు. పేరున్నోళ్లు పొద్దుగూకినంక వస్తరు. రాత్రి దాక తాగి పండి పగటి పాట ఇడిసిపెట్టేటోళ్లు మస్తుమంది. నా మాటినుండ్రి, అసలు సరుకు పగటి పూటనే ఉంటది. ఎండ, వాన, మబ్బు గంటకొకటి మారుతుంటె, గడ్డిల కూసోని, ఎన్నడూ పేరు ఇనని ఊరికెల్లి వచ్చిన పిల్ల వాళ్ల అవ్వ భాషల పాడుతుంటె ఇనుడు ఉంది సూడు, దానికి సాటి లేదు. అయితే మెటల్ మోత, ఒకర్నొకరు గుద్దుకునే గుంపు ఆట గావాల్నంటె జీరో సరైన జాగ గాదు, బెంగళూరు ఓపెన్ ఎయిర్‌కు పోవాలె. ఆ గుద్దుకునే ఆటకు గూడ ఒక కట్టుబాటుంది. ఎవరన్న కింద పడితె చుట్టున్నోళ్లు ఆగి ముందుగాల లేపాలె.

అంత దూరపు గుట్టలల్ల రాక్ ఎట్ల పాతుకున్నది అని అడుగుతరు. ఒక్క కారణం చెప్పలేం. మేఘాలయ, మిజోరం, నాగాలాండ్‌లల్ల చర్చి కోయిర్లు తరతరాలుగ పిల్లలకు కలిసి పాడుడు నేర్పినయి, గిటారు ఇంట్లకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంల అస్సాంల లెడో నుంచి బర్మా దిక్కు రోడ్డేసుకుంట అమెరికా సిపాయిలు దిగిండ్రు, వాళ్ల పాటలు గూడ దిగినయి. షిల్లాంగ్‌ల లూ మాజా అనే పెద్దమనిషి 1972 సంది ప్రతి మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు పాటలు పాడి జరుపుతుండు. అమెరికా పాటగాడి పుట్టినరోజు షిల్లాంగ్ల జరుగుడేందని నవ్వొచ్చు, అయితే మనూర్ల సినిమా హీరోలకు పాలాభిషేకం చేసేటోళ్లం మనమే గదా. ఇగ అరుణాచల్‌ల ఇరవైకి పైగ తెగలు, తెగకో భాష. సర్కారు భాష ఇంగ్లీష్, బజార్ల హిందీ. అందుకే వాళ్లు ఇంగ్లీష్‌ల పాడితె అది గొప్పలు పోవుడు గాదు, పక్క లోయోనికి గూడ అర్థం గావాల్నని. ఇప్పుడు పిల్లలు సొంత భాషకు మళ్లుతున్నరు. తాబా చాకే అనే పాటగాడు నిషి భాషల గూడ పాడి దేశమంత పేరు తెచ్చుకున్నడు.

నన్ను పాట కన్న ఎక్కువ పట్టుకున్నయి మళ్లు. అపతానీలు ఎద్దులు, నాగలి లేకుంట పారలతోని సాగు చేస్తరు. వరి నాటినంక అదే మడిల చేప పిల్లలు ఇడుస్తరు. మడి నడిమిట్ల లోతుగ కాలువ తీస్తరు, నీళ్లు తగ్గినప్పుడు చేపలు అండ్ల దాసుకుంటయి. పురుగును చేప తింటది, చేప పెంట వరికి ఎరువైతది. గట్ల మీద తైదలు వేస్తరు. ఒకే మడిల మూడు పంటలన్నట్టు. ఈ లోయను యునెస్కో తాత్కాలిక జాబితాల పెట్టుకున్నది 2014ల. జాతర టైంకు వరి పసుపు రంగు తిరుగుతది. పాట ఇనుకుంట అటు దిక్కు చూస్తె ఆడోళ్లు గంపలు ఎత్తుకోని మళ్లకు పోతుంటరు. పండుగ ఉన్నదని వాళ్ల పని ఆగలే.

ఇక్కడ అసలు సంగతి చెప్త. ఈ జాతర ఊరోళ్ల చేతులనే ఎందుకుందంటే, భూమి వాళ్ల చేతుల ఉన్నది గనుక. అరుణాచల్‌ల బయటోళ్లు భూమి కొనలేరు. కాలు పెట్టాల్నన్న ఇన్నర్ లైన్ పర్మిట్ గావాలె. 1873ల తెల్లోళ్లు బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్ కింద పెట్టిన పద్ధతి అది. వాళ్ల టీ తోటల, ఏనుగుల యాపారం కోసం పెట్టుకున్నరు. తర్వాత తర్వాత అదే ఆదివాసులకు కంచె లెక్క అక్కరకొచ్చింది. మన ఏజెన్సీల 1/70 చట్టం ఉంది చూడు, ఆదివాసి భూమి ఆదివాసేతరులకు మారొద్దని 1970ల తెచ్చింది, అది తెలిసినోళ్లకు ఈ ముచ్చట జల్దీ అర్థమైతది. గుట్ట కింద మడి పోతె, ఆ మడిల రిసార్టు లేస్తది. రిసార్టు లేస్తె పాట యజమాని మారుతడు, ఊరోడు గేటు కాడ వాచ్‌మెన్ అయితడు. హైదరాబాద్ చుట్టు ఫామ్‌హౌజులల్ల శనివారం రాత్రి డీజే మోగుతుంటె, ఆ భూమి అమ్ముకున్న రైతు కొడుకు బండ్లు పార్కింగ్ చేపిస్తుండు. జీరోల మాత్రం ఇంటోళ్లే ఇంటికి కిరాయిదార్లను పెట్టుకుంటరు, వాళ్లే పొయ్యి మీద అన్నం, వెదురు కొమ్ముల కూర వండిపెడ్తరు, వాళ్లే సుమో బండ్లు నడుపుతరు. బియ్యంతోని ఇంట్లనే తీసే సారకం ఉంటది, మన కల్లు లెక్క తెల్లగ, పుల్లగ. లీజుల, కాంట్రాక్టుల రూపంల బయటి పైసలు దొంగదారిన దూరవా అంటే, దూరొచ్చు. చట్టంల రాసుకున్నంత మాత్రాన భూమి నిలవదని 1/70 అనుభవమే మనకు చెప్పింది.

ఇంకొక మాట. వాళ్ల గడ్డకు మనం నాలుగు దినాల పర్మిట్ తీస్కోని పోతం. వాళ్ల పిల్లలు మన పట్నాలకు సదువుకు, హోటళ్లల్ల, పార్లర్లల్ల పనికి వస్తరు. వాళ్లకు పర్మిట్ అక్కర లేదు, గానీ ఏ దేశం నీదని రోజుకు పదిసార్లు అడుగుతం. ఈ జాతర మొదలైన 2012లనే, ఆగస్టు నెలల, బెంగళూరుల పుకార్లు లేసినయి, ఈశాన్యపోళ్ల మీద దాడులైతయని. వేల మంది మూటలు గట్టుకోని గువాహటి రైళ్లెక్కిండ్రు. హైదరాబాద్ నుంచి గూడ పోయిండ్రు. అదే ఏడాది అటు దిక్కు రైళ్లల్ల గిటార్లు ఏసుకోని పాటగాండ్లు పోయిండ్రు. 2014 జనవరిల ఢిల్లీ లాజ్‌పత్ నగర్ల అరుణాచల్ విద్యార్థి నీడో తానియాను జుట్టు చూసి ఎక్కిరిచ్చిండ్రు, గొడవైంది, కొట్టిండ్రు, తెల్లారి ఆ పిల్లగాడు పాణం ఇడిసిండు. దాని మీద కేంద్రం బెజ్‌బరువా కమిటీ ఏసింది. జీరోల నా పక్కన ఎగిరిన పొల్లగాండ్లు చానమంది బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాదోళ్లే. అక్కడ అపతానీ పిల్లల భుజం మీద చెయ్యేసి ఫోటో దిగినోడు, వాపస్ వచ్చి వాళ్ల గల్లీల మోమోలు అమ్మే పిల్లగాన్ని ఏమని పిలుస్తుండో నాకు తెలుసుకోవాల్నని ఉంది.

పోయేటోళ్లు అక్కడ ఎట్ల మెలగాల్నో కూడా చెప్పాలె. లోయల ముసలవ్వల మొకాల మీద పచ్చబొట్లు, ముక్కులకు నల్లటి బిళ్లలు ఉంటయి. 1970ల సంది కొత్త ఆడపిల్లలు ఆ పద్ధతి ఆపేసిండ్రు, ఇప్పుడు ఉన్న అవ్వలే ఆఖరు. కెమెరా పట్టుకోని వాకిట్లకు ఉరికేటోళ్లను చూసిన. ఒక అవ్వ మొకం తిప్పుకున్నది, అయినా చుట్టూ తిరిగి తీసిండ్రు. మీ నాయినమ్మ బతుకమ్మ పేర్చుకుంటుంటె తెల్వనోడెవడో వాకిట్లకొచ్చి గట్ల తీస్తె ఊకుంటరా? అడుగుండ్రి, వద్దంటె ఫోన్ జేబుల పెట్టుకోండ్రి. సెల్ఫీ కోసం మడి గట్లు తొక్కొద్దు, గట్టు తెగితె నీళ్లు పోతయి, నీళ్లు పోతె చేప చస్తది. మేడారం జాతర అయినంక అడవిల మిగిలే సీసలు, కవర్లు చూసినోళ్లకు చెత్త సంగతి చెప్పే పని లేదు. ఎవరి చెత్త వాళ్లు సంచిల పెట్టుకోని దిగుండ్రి.

ఖర్చు విషయం దాపరికం లేకుంట చెప్త. నాలుగు దినాల పాసు వేలల్లనే ఉంటది. రానుపోను, తిండి, ఉండుడు కలిస్తె కూలి చేసుకునే ఇంటికి అది పెద్ద సొమ్ము. పాట బయట మైదానంల మోగినా గేటు గేటే, పైసలేనోడు కంచె బయటనే. ఈ మాట నాకు మింగుడు పడలే, ఇప్పటికీ పడుతలేదు. ధూంధాంకు టికెట్ ఎన్నడు పెట్టలే మనం. అట్లని గిటారు బ్యాండ్ల కరెంటు, సౌండు, రైలు ఖర్చు ఎవరు భరిస్తరంటె, స్పాన్సర్ కంపెనీలు అన్న జవాబు వస్తది, అది ఇంకో తలనొప్పి. నేను ఏడాది పొడుగూత నెలకింత ఎనకేసుకోని పోయిన. మా మండలం తమ్ముళ్లు ఇద్దరు నాతోని వచ్చిండ్రు. ముగ్గురం ఒకటే అర్ర తీసుకున్నం, రైల్ల స్లీపర్, ఇంటి అటుకులు, జొన్నరొట్టెలు. ఆడపిల్లలు నలుగురైదుగురు కలిసి వచ్చినోళ్లు మస్తుమంది కనిపిచ్చిండ్రు, రాత్రి రెండింటికి నడుసుకుంట ఇంటికి పోతున్నరు. మా చెల్లెండ్లకు ఈ ముచ్చట చెప్పాల్ననిపిచ్చింది.

తొవ్వ ఇట్ల. సికింద్రాబాద్ నుంచి గువాహటికి రైల్ల రెండు రాత్రులు. గువాహటిల రాత్రి డోనీ పోలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితె తెల్లారేసరికి నాహర్లగున్. అక్కడి నుంచి జీరోకు వంద కిలోమీటర్ల దాక ఉంటది, పంచుకునే సుమోలల్ల నాలుగైదు గంటలు. గుట్ట రోడ్డు, కొండచరియ విరిగితె ఇంకెన్ని గంటలో చెప్పలేం, అందుకే మొదటి పాట కన్న ఒక దినం ముందుగాల చేరుకోవాలె. రైలు రిజర్వేషన్ 60 దినాల ముందు తెరుస్తరు. పర్మిట్ ఆన్‌లైన్ల ఇస్తరు, ఆధార్, ఫోటో పెట్టాలె, ఆఖరి వారం దాక ఆగొద్దు. కాయితం ఫోన్ల ఉన్నా ఒక ప్రింట్ జేబుల ఉండాలె, చెక్‌పోస్టు కాడ సిగ్నల్ ఉంటదన్న నమ్మకం లేదు. రాత్రి సలి బాగనే ఉంటది, స్వెటర్ పెట్టుకోండ్రి. వాన పడితె మైదానం నాట్లేసే మడి లెక్కైతది, అక్కడ అందరి కాళ్లకు గంబూట్లే. ఇక్కడి నుంచి మోసుకపోవుడెందుకు, హపోలీ బజార్ల కొనుక్కుంటె ఆ నాలుగు పైసలు ఆ ఊరోళ్లకే పోతయి.