బోరు మోటారుకు రబ్బరు రింగు దొరక్కపోతే...

గజపతినగరం: చంపావతి నీరు పారే పల్లపు పొలాల సంగతి వేరు. మెట్టన బోరును నమ్ముకుని మొక్కజొన్న, కూరగాయలు వేసిన రైతుకు మోటారు ఆగిందంటే పంట ఆగినట్టే. నీళ్లలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారు చెడితే చైన్ పుల్లీ కట్టి, మనుషుల్ని పెట్టి, పైపులన్నీ పైకి లాగవలసిందే. తీరా విప్పి చూస్తే ఒక్కొక్కసారి చెడింది టీ డబ్బులకు వచ్చే రబ్బరు రింగు!

మోటారు కాలిందనగానే మన నింద కరెంటు మీదకే పోతుంది. లో ఓల్టేజీకి, ఒక ఫేజు పోయినందుకు మోటార్లు కాలడం నిజమే. కాని షాఫ్టు దగ్గరి సీలు అరిగినా, మూతల మధ్య ఉండే 'ఓ రింగు' గట్టిపడి పగిలినా బోరు నీరు ఇసుకతో సహా లోపలికి చొరబడుతుంది. ఆయిలు నింపిన మోటారైతే వైండింగుకు తడి తగిలి షార్టవుతుంది. నీరు నింపే రకమైతే ఇసుక బుష్షులను, అడుగున బరువు మోసే బేరింగును అరగదీస్తుంది. రీవైండింగు చేయించి పాత రింగులతోనే తిరిగి దించితే చేసిన ఖర్చంతా బోరులో పోసినట్టే.

చిన్న ఊళ్ల దుకాణాల్లో అన్ని కంపెనీల సీళ్లూ ఉండవు. పైరు ఎండుతుంటే ఆగే ఓపిక ఎవరికుంటుంది? దగ్గర సైజు రింగును లాగి ఎక్కించి, పైన గమ్ము పూసి దించేస్తారు. అలా లాగిన రింగు సన్నబడి, గాడిలో సరిగా నొక్కుకోదు. ఒకరోజు ఆలస్యమైనా విజయనగరమో, విశాఖపట్నమో పోయి సరైనది తేవడమే లాభం.

పోయే ముందు మోటారు మీది పేరు పలకను చూసుకోవాలి. మోడలు, హెచ్‌పీ, సీరియల్ నంబరు అన్నీ అక్కడే ఉంటాయి. పలక తుప్పు పట్టి చెరిగిపోకముందే, అంటే కొన్ననాడే, ఆ వివరాలు రాసుకుని బిల్లుతో కలిపి ఇనప్పెట్టెలో పెట్టుకోవాలి. మన బోర్లలోకి వచ్చే మోటార్లలో చాలా భాగం కోయంబత్తూరు సరుకు. నంబరు చెబితేగాని కంపెనీవారు ఏ సీలు పంపాలో చెప్పలేరు.

ఆ మోడలు తయారీయే ఆగిపోతే? అప్పుడూ దారి ఉంది. సముద్రంలో మునిగి ఫొటోలు తీసేవారికి నికోనాస్ అనే పేరున్న కెమెరా ఉండేది. కూస్తో బృందం కోసం పుట్టిన కలిప్సో కెమెరాను నికాన్ కంపెనీ 1963లో ఆ పేరుతో తెచ్చింది. 2001లో తయారీ ఆపేసింది. అయినా దాన్ని దాచుకున్నవారు నేటికీ కొలత చూసి రింగులు తెచ్చి వాడుతున్నారు. నీరు లోపలికి పోకుండా ఆ కెమెరాను కాచేదీ, మన మోటారును కాచేదీ ఒకే జాతి రింగు. వీటికి అంతర్జాతీయ కొలతలున్నాయి. లోపలి వ్యాసం, తాడు మందం, ఈ రెండూ సరిపోతే కంపెనీ పేరుతో పని లేదు. పాత రింగు సాగి ఉంటుంది గనుక దాన్నొక్కటే నమ్మక, అది కూర్చునే గాడిని కూడా వెర్నియర్‌తో కొలిపించాలి.

రబ్బరు రకం కూడా ముఖ్యమే. ఆయిలు తగిలేచోట నైట్రైల్ రబ్బరు వాడాలి. ఇ.పి.డి.ఎం. రబ్బరు నీటికి మంచిదేగాని ఖనిజ నూనె, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. చూడటానికి రెండూ నల్లగానే ఉంటాయి కనుక అడిగి కొనాలి. షాఫ్టు మీది మెకానికల్ సీలుకు ఒకదానిపై ఒకటి ఒరిసే రెండు ముఖాలుంటాయి. ఒకటి మార్చి రెండోది ఉంచితే కొద్దినాళ్లకే కారుతుంది. జతగా మార్చాలి, ముఖాలకు చేతి జిడ్డు అంటనీయరాదు. నీరు నింపే మోటారులో దించే ముందు గాలి పోయేదాకా మంచినీరు నింపడం మరవకూడదు.

బోరులోకి కెమెరా దించి, కేసింగు ఎక్కడ పగిలిందో టీవీలో చూపేవారికీ ఇదే బాధ. ముందరి గాజుకున్న రింగు వదులైతే కెమెరాతో పాటు బేరం కూడా మునుగుతుంది. రింగు మీద వెంట్రుక గాని, ఇసుక రేణువు గాని ఉందేమో ప్రతిసారీ చూసుకోవాలి. సిలికాన్ రింగుకు సిలికాన్ గ్రీజు పూస్తే ఉబ్బుతుంది. కంపెనీ చెప్పిన గ్రీజే పలుచగా రాయాలి.

వారంటీ ఉండగా విడిభాగం ఇవ్వక తిప్పించుకుంటుంటే ఊరుకోనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనాల కేసులో 2012లోనే సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడేనని తేల్చింది. ముందు 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. అక్కడ తేలకపోతే విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మోటారుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. నష్టం జరిగిన 2 సంవత్సరాలలోగా కాగితం పెట్టాలి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో తెచ్చిన 'రిపేరు హక్కు' పోర్టల్‌లో వ్యవసాయ పరికరాలనూ చేర్చారు. ఏ దారిన పోయినా మొదట అడిగేది బిల్లే. జీఎస్టీ తగ్గుతుందని తెల్ల చీటీ మీద మోటారు కొన్నవారికి ఇక్కడే చిక్కు వస్తుంది.